గేటు లోపల ఇన్‌చార్జి ప్రిన్సిపాల్

మారుమూల డిగ్రీ కాలేజీల్లో ప్రిన్సిపాళ్ల నాయకత్వం. ఇదీ నా పీహెచ్‌డీ విషయం. ఒడిశాలో, రాయగడ నుంచి కొల్నార వెళ్లే దారిలో ఒక చిన్న కాలేజీలో ఎడ్యుకేషన్ పాఠాలు చెప్పేదాన్ని. పగలు ఉద్యోగం, పొద్దున్నే చదువు. ఇంట్లో టీవీ, మిక్సీ, అత్తయ్య ఒకేసారి మొదలయ్యేవారు కాబట్టి, మా కిరాణా హోల్‌సేల్ కొట్టు వెనక గోడౌన్‌లో, ఎండుమిర్చి బస్తాల మధ్య కుర్చీ వేసుకునేదాన్ని. పేజీ తిప్పితే తుమ్ము. బస్తాలు దించే ఆయన ఒకరోజు నా ఎదుట నిలబడిపోయి, “అంత ఘాటైన సదువేటమ్మా అది?” అని అడిగాడు.

గైడు గారు కోరాపుట్‌లో ఉండేవారు. వీలైన శనివారం సెలవు పెట్టి, రైల్లో వెళ్లి, రాసింది చూపించి వచ్చేదాన్ని. ఆ దారి నిండా సొరంగాలు. ఆయనకి నాతో ఫోన్‌లో మాట్లాడాలనిపించేది సరిగ్గా నేను తిరుగు రైల్లో ఉన్నప్పుడే. “రెండో అధ్యాయంలో మీరు తప్పకుండా తీసేయాల్సింది...” అనేవారు, సొరంగం వచ్చేది. వెలుతురులోకి వచ్చేసరికి “...అదొక్కటి తీసేస్తే మిగతాదంతా బాగుంది” అనేవారు. మళ్లీ అడగడానికి మొహమాటపడి, నాకు నచ్చని పేజీలు తీసేసేదాన్ని. తర్వాత చూసి, “చెప్పిన మాట వింటారు మీరు” అని మెచ్చుకునేవారు.

అలా సాగుతుండగా మా ప్రిన్సిపాల్ గారు మోకాలి ఆపరేషన్ కోసం పెద్ద సెలవు పెట్టారు. ఇన్‌చార్జిగా ఎవరుండాలి? ఒక సీనియర్‌కి షుగర్. ఇంకొకరికి కూతురి పరీక్షలు. మూడో ఆయన ఏ సాకూ చెప్పకుండా తల అడ్డంగా ఊపారు. అందరూ నావైపు తిరిగారు. “నాయకత్వం మీద పరిశోధన చేస్తున్నది మీరే కదా!” పెళ్లింట్లో వంట వచ్చని నోరు జారిన మనిషి చేతిలో గరిటె పెట్టినట్టు, తాళాల గుత్తి నా చేతిలో పెట్టారు.

గైడు గారికి చెబితే పొంగిపోయారు. “ప్రిన్సిపాలూ మీరే, పరిశోధకురాలూ మీరే. రోజూ మిమ్మల్ని మీరు గమనించుకోండి.”

గమనించుకున్నాను. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా సంతకాలు పెడుతున్నాను. నిన్నటిదాకా నన్ను పట్టించుకోని గుమాస్తా ఇప్పుడు ప్రతిమాటకీ “ఆజ్ఞా, ఆజ్ఞా” అని, అంటే చిత్తం చిత్తమని, ఒడియాలో వంగి వంగి జవాబిస్తున్నాడు. చెప్పిన పని మాత్రం మునుపటిలాగే చేయడం లేదు.

ఇంతలో బోరు మోటారు కాలిపోయింది. ఆడపిల్లల బాత్రూముల్లో నీళ్లు లేవు. మోటారు రాయగడలో మెకానిక్ దగ్గరికి పంపించాను. రేపు ఇస్తానన్నాడు. పిల్లలు వచ్చి అడిగితే, ఏ నిర్ణయమైనా అందరితో కలిసి తీసుకోవాలని నా మూడో అధ్యాయంలో రాసుకున్నాను కాబట్టి, వెంటనే కమిటీ వేశాను. కమిటీ కూర్చుని, టీ తాగి, సబ్ కమిటీ వేసింది. సబ్ కమిటీలో ఎవరుండాలన్న చర్చ నడుస్తుండగానే ఒకరోజు పిల్లలు బయటికెళ్లి గేటుకి తాళం వేసేశారు. లెక్చరర్లమంతా లోపల. పిల్లలంతా బయట, నినాదాలు చేస్తూ.

సీనియర్లు ముగ్గురూ స్టాఫ్ రూములోకి వెళ్లి తలుపు వేసుకున్నారు. నేను వార్షికోత్సవాల మైకు వరండాలో పెట్టించి, ఒడియాలో మొదలుపెట్టాను. “ప్రియమైన విద్యార్థులారా, మన సంస్థ భవిష్యత్తు గురించి మనందరికీ ఒకే దృష్టి ఉండాలి...”

“నీళ్లుండాలి!” అని అరిచారు.

నాకు తెలిసిన పుస్తకాలన్నీ వాళ్లకి వినిపించాను. నినాదాలు పెరిగాయే గాని తగ్గలేదు. మధ్యాహ్నమైంది. ఫోన్ మోగింది. అత్తయ్య. భోజనానికి ఇంటికెప్పుడొస్తానో చెప్పకపోతే ఆవిడ మళ్లీ మళ్లీ చేస్తూనే ఉంటుంది. మైకు ఒక చేతిలో, ఫోన్ ఒక చేతిలో పట్టుకుని వెనక్కి తిరిగాను. మైకు ఆపాలని తోచలేదు. ఫోన్‌లో ఆవిడ గొంతు మామూలుగానే స్పీకరు పెట్టినట్టుంటుంది.

“ఏటమ్మి, ఇంకా రాలేదేటి? సేమదుంపల పులుసు సల్లారిపోతంది!”

“ఎలాగొస్తానత్తయ్యా! లోపలెట్టి తాళమేసీసేరు.”

“ఓలమ్మో! ఎవులు?”

“పిల్లలు. ఆల్లడిగింది నాయమే. ఆ మోటారోడు రేపు రేపంటన్నాడు గానీ ఇవ్వట్లేదు. నాకు మట్టుకు ఏటి తెలుసు? పొస్తకాల్లో ఉన్నవన్నీ సెప్పీసేను, ఒక్కటీ పంజెయ్యట్లేదు. ఆకలేస్తంది. ఏడుపొస్తంది.”

“ఏడిసినట్టే ఉంది నీ సదువు!”

ఆ చివరి మాట ప్రహరీ దాటి రోడ్డు మీదకి వినబడిందని తర్వాత చెప్పారు. అప్పుడు నాకు తెలిసిందల్లా నినాదాలు ఆగిపోవడం. ఆ తర్వాత నవ్వులు. ముందు తెలుగు పిల్లలు నవ్వారు. గుణుపూర్ వైపు నుంచి వచ్చే ఒక రైతుబిడ్డ మిగతావాళ్లకి ఒడియాలోకి మార్చి చెప్పింది. మా అత్తయ్య గొంతుతో సహా చెప్పినట్టుంది, రెండోసారి నవ్వులు ఇంకా గట్టిగా వచ్చాయి. నేను మైకు కింద పడేసి, మొహం చీర కొంగుతో తుడుచుకుంటూ గేటు దగ్గరికి నడిచాను. ఇక పోవడానికి పరువు కూడా మిగల్లేదు.

గుణుపూర్ అమ్మాయి ఊచల మధ్య నుంచి అడిగింది. “మేడమ్, ఆడు నిజంగా రేపంటన్నాడా?”

“రోజూ అదే మాట.”

“మరి ఆ మాట మాకు సెప్పలేదేటి? మోటారు పంపనే లేదనుకున్నాం.”

కమిటీ వేశాను గాని, మోటారు ఎక్కడుందో పిల్లలకి చెప్పాలని తోచనే లేదు.

తాళం తీశారు. లెక్చరర్లు ఎవరి బళ్లు వాళ్లు తీసి, నావైపు చూడకుండా వెళ్లిపోయారు. నేను, ఆ అమ్మాయి, ఆమె స్నేహితులు ఆటో ఎక్కి మెకానిక్ కొట్టుకి వెళ్లాం. అరుగు మీద వరసగా కూర్చుని ఆయన చేతుల వైపు చూస్తూ ఉండిపోయాం. ఆయన కాసేపు ఓపిక పట్టి, “అలా సూస్తే నాకు సెయ్యాడదు” అన్నాడు. “సూడకపోతే అసలాడట్లేదు కదా” అంది గుణుపూర్ అమ్మాయి. సాయంత్రానికి మోటారు తిరిగింది.

తర్వాతి శనివారం గైడు గారు ఇదంతా విని కళ్లజోడు తీసి తుడుచుకుంటూ నవ్వారు. ఆపై గంభీరంగా, “ఇది ఏ నాయకత్వ శైలి కిందికి వస్తుంది?” అన్నారు.

“శైలి కాదు సార్, ఏడుపు.”

“ఏడుపు అని రాయలేం.” ఆలోచించి, ‘సమాచారాన్ని దాచకుండా పంచుకోవడం’ అని రాయించారు.

వైవాకి వచ్చిన పెద్దాయన ఆ పేజీ దగ్గరే ఆగారు. “మైకు ఆన్‌లో ఉందని తెలిస్తే అలాగే మాట్లాడేవారా?”

“లేదు సార్. భవిష్యత్తు గురించే ఇంకో గంట చెప్పి ఉండేదాన్ని.”

ఆయన పెద్దగా నవ్వి, ఇంకేమీ అడగలేదు. అప్పటికే ప్రిన్సిపాల్ గారు కొత్త మోకాలితో తిరిగొచ్చారు. ఆయన కుర్చీలో కూర్చునేలోపే తాళాలు అప్పగించేశాను.

డిగ్రీ వచ్చిందని ఇంట్లో చెబితే అత్తయ్య కాస్త అనుమానంగా చూసింది. “అయితే ఇప్పుడు నిన్నే ఆ కుర్సీలో కూకోబెట్టీస్తారేటి?”

“లేదత్తయ్యా.”

“బతికిపోయేం. కాళ్లు కడుక్కుని రా, తిందాం.”