ఒంటికాలి ఫోర్కుతో మేడ్చల్ ప్రయాణం

ఆదివారం ఉదయం ఆరుంబావుకి నాగారంలో ఇంటి గేటు వేస్తుంటే మా ఆవిడ వరండాలోంచి ఒకటే మాట అంది. "ఇది కూడా కుదరకపోతే సైకిలు పాత సామాన్లవాడికి ఇచ్చేయాలి. మళ్ళీ మాట మార్చకూడదు." సరేనన్నాను. అనక తప్పలేదు. రెండేళ్ళ కిందట స్కూటరు జారి ఎడమ మణికట్టు విరిగింది. లోపల స్టీలు ప్లేటు, ఆరు మరలు ఉన్నాయి. అన్నం తినడానికీ, సంతకం పెట్టడానికీ ఏ ఇబ్బందీ లేదు గానీ గతుకుల్లో పది నిమిషాలు సైకిలు తొక్కితే చాలు, మోచేతి దాకా సలుపు. డాక్టరు మానేయమన్నాడు. పదకొండేళ్ళుగా ప్రతి ఆదివారం శామీర్‌పేట చెరువు దాకా తొక్కినవాణ్ణి, మానడమూ చాతకాలేదు, తొక్కడమూ చాతకాలేదు.

అలాంటి రోజుల్లో సికింద్రాబాద్‌లో ఒక తుక్కు దుకాణంలో ఈ ఫోర్కు కంటబడింది. ఏదో విదేశీ మౌంటెన్ బైకుది. దాని ఫ్రేము విరిగిపోయింది, ఫోర్కు మాత్రం కొత్తదానిలా ఉంది. రెండు కాళ్ళుండాల్సిన చోట ఎడమవైపు ఒక్క కాలే. లావుపాటి ఆ కాల్లో స్ప్రింగూ నూనే ఉంటాయి, గతుకు చేతిదాకా రాకుండా అదే మింగేస్తుంది. చక్రం రెండోవైపు ఏ ఆధారమూ లేకుండా ఇరుసు మీద నిలబడుతుంది. చూడగానే నమ్మకం కలగలేదు గానీ మనసు దాని మీదే ఉండిపోయింది. మర్నాడు వెళ్ళి చక్రం, బ్రేకుతో సహా తెచ్చేశాను.

తెచ్చాక తెలిసింది చిక్కు. ఆ కాలిని రెండు క్లాంపులు పట్టుకుంటాయి. ఒకటి సైకిలు మెడకు, అంటే హ్యాండిలు కింది పొట్టి గొట్టానికి, పైన, ఒకటి కింద. రెంటినీ కలుపుతూ మెడ గొట్టంలోంచి ఒక ఉక్కు కడ్డీ దిగుతుంది. విదేశీ సైకిలు మెడ వెడల్పు, నా సైకిలు మెడ సన్నం. నా సైకిలు మెడకు సరిపడే కడ్డీ లేతు మిషను మీద కొత్తగా చేయించాలి. ఆఫీసులో ఒకాయన మేడ్చల్‌లో నర్సింహారెడ్డి అనే లేతు మేస్త్రీ పేరు చెప్పాడు.

నేను ఒక ఫ్యాక్టరీ డ్రాయింగ్ ఆఫీసులో ఇరవై రెండేళ్ళుగా గీతలు గీస్తున్నవాణ్ణి. మాది తూర్పుగోదావరి. చేతికి సిరా అంటకుండా గీస్తానని మా సెక్షనులో పేరు. కడ్డీకి మూడు వైపుల నుంచి బొమ్మ గీసి, కొలతలు వేసి, కింద సంతకం చేసి, బుధవారం సెలవు పెట్టి మేడ్చల్ వెళ్ళి ఇచ్చాను. క్లాంపులు కూడా ఇచ్చొచ్చాను. రెడ్డి గారు కాగితాన్ని చాలాసేపు చూసి, "బండి తేలేదా సార్?" అన్నారు. డ్రాయింగుండగా బండెందుకండీ అన్నాను. "సంతకం నీదేనా?" అని అడిగారు. నాదేనన్నాను, కాస్త గర్వంగానే.

ఈ ఆదివారం ఆ కడ్డీ తీసుకుని బిగించుకోవాలి. ముందు చక్రం లేని సైకిలుని వెనక చక్రం మీద తోపుడు బండిలా తోసుకుంటూ, ఫోర్కునీ ముందు చక్రాన్నీ గోనెసంచిలో కట్టి భుజాన వేసుకుని, మెయిన్ రోడ్డు దాకా నడిచి, అక్కణ్ణుంచి ఆటోలో సికింద్రాబాద్ స్టేషన్‌కు చేరేసరికి ఏడు. ఏడున్నర ప్యాసింజరు ఎనిమిదింటికి కదిలింది. మేడ్చల్‌కు టికెట్టు కంటే ప్లాట్‌ఫారం మీద తాగిన టీ ఖరీదు. ఎవరైనా ఇలాంటి సామానుతో వెళ్తే చివరి పెట్టెలో ఎక్కండి, తలుపు దగ్గర చోటుంటుంది.

బొల్లారం దాటాక ఎదురుగా కూర్చున్న పెద్దాయన సంచిలోంచి బయటికొచ్చిన ఫోర్కుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఏంది సార్ గిది? ఇంకో కాలు యాడ పారేసుకున్నవ్?"

దీనికి ఒకటే కాలని చెప్పాను.

"ఒక్క కాలు మీద నిలవడుతదా?"

"అది తెలుసుకోవడానికే వెళ్తున్నానండీ."

"నిలవడితే మంచిదే. నిలవడకుంటే నువ్వు పడ్తవ్," అని నవ్వి, సీతాఫలం ఒకటి చేతిలో పెట్టాడు.

మేడ్చల్‌లో దిగేసరికి తొమ్మిదింబావు. స్టేషన్ నుంచి రెడ్డి గారి షెడ్డుకు నడక ఇరవై నిమిషాలు. చుట్టూ ప్లాట్ల హద్దురాళ్ళు, మధ్యలో ఒక రేకుల షెడ్డు. ఆ భూములన్నీ ఒకప్పుడు రెడ్డి గారి వాళ్ళవే. "మా అన్న ప్లాట్లు అమ్ముతడు. తమ్ముడు సర్పంచ్‌గ నిలవడ్డడు. నాకు గీ మిషిన్ తప్ప ఏ దందా రాదు," అన్నారాయన, చేతులకు అంటిన నూనె గుడ్డకు తుడుచుకుంటూ. యాభై అయిదేళ్ళుంటాయి. ఆదివారం కరెంటు పోదని ఆరోజే ఎక్కువ పని పెట్టుకుంటారట.

కడ్డీ తళతళలాడుతూ ఉంది. ఇద్దరం కలిసి మెడలోకి దించాం. బేరింగుల్లో ఒద్దికగా కూర్చుంది. పై క్లాంపు పెట్టబోతే, అది పట్టుకోవడానికి కడ్డీ పైకి రాలేదు. గోరంత మాత్రమే కనబడుతోంది. పొట్టిదైంది.

నాకు చర్రున కోపమొచ్చింది. "కొలత తప్పారండీ," అన్నాను. ఆయన వెర్నియర్ కొలబద్ద తీసి నా చేతికిచ్చి, నా డ్రాయింగు పక్కన పరిచారు. కొలిచాను. మళ్ళీ కొలిచాను. వెంట్రుకవాసి తేడా లేదు, నేను గీసింది గీసినట్టే ఉంది. అప్పుడు వెలిగింది. కొలత కచ్చితంగా రావాలని మెడకు పైనా కిందా ఉండే బేరింగు కప్పులు ఊడబీకి, గొట్టాన్ని శుభ్రంగా తుడిచి మరీ కొలిచాను. ఆ కప్పుల ఎత్తు కలపడం మర్చిపోయాను. చెవులు వేడెక్కాయి. పాత సామాన్లవాడు మా గేటు దగ్గర నిలబడ్డట్టే అనిపించింది.

"మీకు ముందే తెలుసా?" అని అడిగాను.

"కాయితం చూసినప్పుడే షక్ వచ్చింది సార్, పొట్టిగైతదేమో అని. అందుకే బండి తేలేదా అన్న."

"మరి చెప్పొచ్చు కదండీ!"

ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నారు. "ఒకపారి పెద్ద ఫ్యాక్టరీ పని వచ్చింది. డ్రాయింగ్ల తప్పున్నది. నేనే సరిచేసి రెండొందల పీసులు చేసిన. అన్నీ మంచిగ కూసున్నయ్. అయినా డ్రాయింగ్ లెక్క లేవని మొత్తం వాపస్ పంపిండ్రు. ఆరు నెలలు పరేషాన్ అయిన. గప్పటిసంది సంతకం ఉన్న కాయితం ఎట్లుంటే గట్లనే చేస్త. తప్పున్నా గట్లనే చేస్త."

ఏ ఫ్యాక్టరీ అని నోటిదాకా వచ్చింది. అడగలేదు. మాదేనంటారేమోనని భయమేసింది. చిన్న షెడ్లనుంచి వచ్చిన సరుకు మీద 'డ్రాయింగు ప్రకారం లేదు' అని రాసి సంతకం పెట్టడం నా పనుల్లో ఒకటి. ఎన్నిసార్లు పెట్టానో లెక్కలేదు. ఆ ముక్క బిగుస్తుందో లేదో ఒక్కసారైనా చూసిన గుర్తు లేదు. 

"తప్పు నాదేనండీ," అన్నాను చివరికి.

"అయితే గా డ్రాయింగ్ కొట్టేసి సంతకం పెట్టు సార్."

జేబులోంచి పెన్ను తీసి, నేనెంతో ముచ్చటపడి గీసిన బొమ్మ మీద అడ్డంగా గీత కొట్టి, పక్కన సంతకం పెట్టాను. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని, బెంచీ కింద సొరుగు లాగారు. అందులో ఇంకో కడ్డీ ఉంది. అదే లావు, పైన మాత్రం జానెడు ఎక్కువ.

"గిది నా ఖుషీకి చేసిన. పొడుగున్నదాన్ని కోయొచ్చు, పొట్టిదాన్ని సాగదీయరాదు కదా. బండి వస్తే చూసి కోద్దామనుకున్న."

నాకు ఏడుపొచ్చినంత పనైంది. కాఫీ తాగుదాం రండని ఏదో అన్నాను. ఆయన వినిపించుకోకుండా పనిలోకి దిగారు. రెండో కడ్డీ బేరింగుకు కాస్త బిగువుగా ఉంచారట. న్యూస్‌పేపరు అంచు సన్నగా చించి కడ్డీకి చుట్టి బేరింగు తొడిగి చూస్తారు, కాగితం చిరిగితే కడ్డీని లేతు మీద ఇంకాస్త అరగదీస్తారు. వెర్నియర్ ముట్టుకోలేదు. "కాయితం చినగొద్దు, జారొద్దు. గంతే," అన్నారు. ఎప్పుడూ పోని ఆదివారం కరెంటు పన్నెండుకు పోయింది. ఇంటినుంచి వచ్చిన డబ్బాలో జొన్నరొట్టె, పచ్చిపులుసు, ఉల్లిగడ్డ ఇద్దరం తిన్నాం. ఒంటిగంటన్నరకు కరెంటొచ్చింది. నాలుగోసారి కాగితం చిరగలేదు. పైభాగం నా కళ్ళముందే కోశారు. రెండున్నరకల్లా క్లాంపులు, కాలు, చక్రం బిగిశాయి. ఆయన ముందు చక్రాన్ని మూడుసార్లు నేలకేసి కొట్టి, "పో సార్, జల్దీ పో, పొద్దు వంగుతాంది," అన్నారు. బయల్దేరబోతుంటే పొట్టి కడ్డీ తెచ్చి నా సంచిలో పడేశారు. "దాని మీద నీ సంతకం ఉన్నది. నేనేం చేసుకోను?"

తిరుగుదారి రైల్లో కాదు, సైకిలు మీదే. మొదటి కిలోమీటరు కుడివైపు చూడలేకపోయాను. అక్కడ ఉండాల్సిన కాలు లేదు, చక్రం గాల్లో తిరుగుతున్నట్టుంది. తర్వాత చూడటం మానేశాను. శామీర్‌పేట చెరువు కట్ట మీదికి నాలుగింటికి చేరాను. మొక్కజొన్న పొత్తులు కాలుస్తున్నావిడ దగ్గర ఒకటి తీసుకుని, మణికట్టు వంచి చూసుకున్నాను. కొంచెం బిగువుంది, సలుపు లేదు. సంబరపడటానికి తొందరపడకూడదనుకున్నాను. ఇంతదాకా తారు రోడ్డే.

అసలు పరీక్ష తూంకుంట దాటాక, జవహర్‌నగర్ దారిలో. చెత్త లారీలు తిరిగి తిరిగి ఆ రోడ్డు రోడ్డులా లేదు. చెయ్యి విరిగాక ఒక్కసారే ఆ దారిన వచ్చి, మధ్యలో దిగి నడిపించుకుంటూ ఇంటికి పోయాను. ఈసారి దిగలేదు. కంకర తేలిన చోటా, నీళ్ళ గుంటల్లోనూ ఆ ఒంటికాలు దిగుతూ లేస్తూ పోతోంది. చెత్త డంపు పక్కకొచ్చేసరికి భరించలేని కంపు. రుమాలు ముక్కుకు కట్టుకున్నాను, అయినా కంపు ఆగలేదు. ఛీ, ఇక్కడ మనుషులెలా ఉంటున్నారో అని తిట్టుకుంటూ, దాన్ని తప్పించుకోవాలని ఇంకా గట్టిగా తొక్కుతూ, నాగారం మలుపు దాకా వచ్చేశాను.

అయిదూ ముప్పావుకి గేటు తీస్తే మా ఆవిడ వరండాలోనే ఉంది. రెండడుగులు వెనక్కి వేసింది. "అబ్బ, ఏం కంపండీ! డంపు మీంచి వచ్చారా?"

"అటే వచ్చాను. ముక్కు పగిలిపోయింది."

"పోయినసారి ఆ దారిన వచ్చి చెయ్యి పట్టుకుని కూర్చున్నారు. వాసన మాటే ఎత్తలేదు. ఇప్పుడు చెయ్యెలా ఉంది?"

సైకిలుని గోడకానించి నిలబడ్డాను. పోయినసారి ఆ దారి పొడుగునా నాకు నొప్పి తప్ప ఇంకేదీ తెలియలేదు. ఈసారి దారంతా కంపునే తిట్టుకుంటూ వచ్చాను. చేతి సంగతి ఆవిడ అడిగేదాకా గుర్తే లేదు.