రెయిన్ చెక్ అంటే మళ్లీ రావాలి

మా పక్క అపార్ట్‌మెంట్ పెద్దావిడ పోయిన మంగళవారం నిద్రలోనే వెళ్లిపోయారు. వాళ్లమ్మాయి తలుపు తట్టి చెప్పింది. అమెరికా వచ్చి ఇర్వింగ్‌లో నేనుంటున్న ఈ మూడేళ్లలో, ఆఫీసువాళ్లు కాక నన్ను పేరుపెట్టి పిలిచిన మనిషి ఆవిడొక్కరే.

మొదటిసారి టీకి పిలిచినప్పుడు, "రెయిన్ చెక్ తీసుకుంటాను, మ్యామ్" అన్నాను. మ్యామ్ అనడం కాన్వెంటులో సిస్టర్లు నేర్పారు. రెయిన్ చెక్ అనడం, అంటే ఇప్పుడు కాదు ఇంకోసారి అని తప్పించుకోవడం, ఆఫీసులో నేర్చుకున్నాను. రానని మొహం మీద చెప్పలేనివాళ్లకు అది చాలా సుఖమైన మాట.

"సరే. ఏ రోజుకి?" అన్నారావిడ.

నోటికొచ్చిన రోజు చెప్పేశాను.

పెళ్లికి ముందు ఆవిడ బేస్‌బాల్ మైదానం గేటు దగ్గర టికెట్లు చించే పని చేశారట. ఆ మాట మైదానాల్లోనే పుట్టిందని ఆవిడే చెప్పారు. నూరేళ్లకు పైబడిన పద్ధతి. వానకు ఆట ఆగిపోతే, చేతిలో మిగిలిన టికెట్ ముక్క చూపించి ఇంకో రోజు ఆటకు రావచ్చు. ఆ ముక్కే రెయిన్ చెక్. తరువాత దుకాణాలవాళ్లు, సరుకు అయిపోతే మళ్లీ అదే ధరకు ఇస్తామని రాసిచ్చే చీటీని కూడా అలాగే పిలిచారు. చివరికి నాలాంటివాళ్ల నోట్లో పడింది.

"తడిసి ముద్దయినా సరే, ఆ ముక్కను టోపీలో దాచుకుని వెళ్లేవాళ్లు. మళ్లీ రావాలని ఉన్నవాళ్లే దాచుకుంటారమ్మాయ్" అనేవారు.

ఆఫీసులో నా స్నేహితురాలికి చెబితే ఒకటే నవ్వు. "రెయిన్ చెక్ అంటే గట్ల డేట్ అడుగుతరా ఎవరన్నా? నువ్వు బుక్కయిపోయినవ్ పో!"

నిజంగానే బుక్కయ్యాను. టీకి వెళ్లాను. తిరిగి నేను పిలవాల్సి వచ్చినప్పుడు మాత్రం మూడుసార్లు వాయిదా వేశాను. చివరికి నిజం చెప్పేశాను, మా ఇంట్లో ఉన్నది ఒకటే కుర్చీ అని. ఆ శనివారం ఆవిడ మడత కుర్చీ చంకలో పెట్టుకుని వచ్చారు. ముద్దపప్పులో ఆవకాయ కలిపి చెంచాతో తిన్నారు. కళ్లు తుడుచుకుంటూ, "నేనేం తప్పు చేశానని ఇంత శిక్ష?" అంటూనే మళ్లీ కంచం చాపారు.

ఈ వసంతంలో నన్ను బేస్‌బాల్ ఆటకు తీసుకెళ్తానన్నారు. గుంపంటే నాకు భయం. అలవాటు కొద్దీ రెయిన్ చెక్ అనేశాను. ఆవిడ వంటింటి క్యాలెండర్‌లో ఆ పై శనివారం చుట్టూ సున్నా చుట్టి, "ఈసారి వానొచ్చినా వదలను" అన్నారు.

ఆ శనివారానికి నాలుగు రోజుల ముందే ఆవిడ పోయారు.

శుక్రవారం అంత్యక్రియలయ్యాక వాళ్లమ్మాయి నన్ను పక్కకు పిలిచింది. "అమ్మ రేపటికి రెండు టికెట్లు తీసి పెట్టింది. నాతో వస్తావా? ఇబ్బందైతే పర్లేదు."

ఆ పాత మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"వస్తాను" అన్నాను.

ఆట నాకేమీ అర్థం కాలేదు. ఎక్కడ చప్పట్లు కొట్టాలో ఆమే చెప్పింది. కాసేపటికి వేరుశనగలమ్మే అతను మెట్ల మీద నిలబడి, మా వరస ఆ చివరివాళ్ల కోసం ఒక పొట్లం అందించాడు. ఎవరెవరివో చేతులు దాటుకుంటూ అది నా చేతిలోకి వచ్చింది. ఇంకా వెచ్చగా ఉంది. అవతల పక్కన ముక్కూ మొహం తెలియని తాతగారు, చూపు ఆట మీదే ఉంచి, నా వైపు చెయ్యి చాపి ఉన్నారు. పొట్లం ఆ చేతిలో పెట్టాను.