వెతికి రండి మాస్టారూ

మా స్కూల్లో లెక్కలు చెప్పే మాస్టారు ఈ రోజు కొత్త లాప్‌టాప్ పట్టుకుని స్టాఫ్ రూములో నా దగ్గరికొచ్చారు. నాదీ అదే మోడల్. ఇద్దరం వాడేదీ విండోస్ కాదు, లినక్సే. నా దాంట్లో వైఫై వస్తోంది, ఆయన దాంట్లో రావడం లేదు.

ఆయనకు తెలియని సంగతి ఒకటుంది. ఆయన అడ్మిన్‌గా ఉన్న ఫేస్‌బుక్ లినక్స్ గ్రూపులో మొన్న వేసవిలో వేరే పేరుతో చేరి, ఇదే వైఫై గురించి అడిగింది నేనే. "ముందు వెతికి, తర్వాత అడగండి. ఇది ట్యూషన్ సెంటర్ కాదు" అన్నారాయన. నేను జవాబు రాయగానే నా పోస్టు కింద కామెంట్లు ఆపేశారు. మిగతావాళ్లు నవ్వే బొమ్మలు పెట్టారు. తర్వాత ఎన్ని తిప్పలు పడి బాగుచేసుకున్నానో నాకే తెలుసు.

"నీకెలగొచ్చిందమ్మా? బేగి సెప్పు, క్లాసుకెళ్లాలి" అన్నారు మాస్టారు.

"ముందు వెతికి, తర్వాత అడగాలండీ."

"ఎతికేనమ్మా! దొరికితే నిన్నెందుకడుగుతాను?"

"నేనూ గ్రూపులో మీకు సరిగ్గా ఇదే రాశానండీ. మీరు కామెంట్లు ఆపేశారు."

ఆయన మొహం చూడాలి! కామెంట్లు మళ్లీ తెరిస్తే జవాబు అక్కడే రాస్తానన్నాను. రేపు గొలుగొండ నుంచో నాతవరం నుంచో ఇంకెవరైనా కొత్తవాళ్లు అడిగితే పనికొస్తుంది కదా. బెల్లు కొట్టినా కదలకుండా, అక్కడే ఫోన్ తీసి కామెంట్లు తెరిచారు.

ఇప్పుడు ఇంట్లో టీ తాగుతున్నాను. నా పోస్టు కింద మాస్టారు రెండుసార్లు "జవాబు ప్లీజ్" అని పెట్టారు. అందరూ చూస్తున్నారు. రాస్తాను, తప్పకుండా రాస్తాను. ఈలోగా ఆయన్ని ఇంకాస్త వెతుక్కోనిద్దాం. ఎంతసేపంటారు?