పుట్టిన చోటు లేని పాఠం

తెలంగాణ ఉద్యమం ఊపుమీదున్న రోజుల్లో నేను ఎల్బీ నగర్ దగ్గర ఒక డిగ్రీ కాలేజీలో తత్వశాస్త్రం చెప్పేదాన్ని. మా కుటుంబం తెనాలి నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో స్థిరపడింది. నా క్లాసులో నల్గొండ వైపు అమ్మాయి ఒకతె ఉండేది. హాస్టల్లో ఉండి చదువుకునేది.

ఒకరోజు క్లాసయ్యాక ఆగి అడిగింది. "మేడం, న్యాయమంటే ఏందో ఏడాది సంది చెప్తున్నరు గదా. చౌరస్తా కాడ మా దీక్ష టెంటుకొచ్చి జర గదే చెప్పున్రి."

కాదనలేకపోయాను. ఇంట్లో చెబితే అమ్మ భయపడింది. నేను నోరు తెరిస్తే చాలు, ఎక్కడివాళ్లమో తెలిసిపోతుందంది. వెళ్లనులే అని మాటిచ్చి, మర్నాడు కాలేజీ నుంచి తిన్నగా టెంటుకే వెళ్లాను.

మైకు చేతికిచ్చారు. క్లాసులో చెప్పే పాఠమే చెప్పాను. ఏ ఊళ్లో, ఎవరింట పుడతామో తెలియదనుకుని నియమాలు రాసుకుంటే అవి అందరికీ న్యాయంగా ఉంటాయని ఆధునిక తత్వవేత్తలు అంటారన్నాను. తెలంగాణ అన్న మాట గానీ, ఆంధ్ర అన్న మాట గానీ నా నోట రాలేదు. యాస బయటపడకుండా పుస్తకంలో ఉన్నట్టే పలికాను. చప్పట్లు కొట్టారు. ఎవరో నిమ్మకాయ సోడా తెచ్చిచ్చారు. ఆ మర్యాదకు నాకు తలెత్తబుద్ధి కాలేదు.

ఆ అమ్మాయి బస్టాపు దాకా తోడొచ్చింది.

"మేడం, ఏడ పుట్టినమో మర్చిపోయి ఆలోచించమన్నరు. మేం ఈడ పుట్టినమనే గదా గీ కొట్లాట. మీరు మర్చిపోయిన్రా?"

కోపంగా కాదు, పాఠంలో సందేహంలాగే అడిగింది.

"లేదమ్మా," అన్నాను. "మాట్లాడినంతసేపూ నాకు అదే గుర్తుంది."

ఇంటికి వెళ్లాక, ఆలస్యమేమని అమ్మ అడిగితే స్టాఫ్ మీటింగన్నాను.

తర్వాతి క్లాసులో పుస్తకం పక్కన పెట్టి, మా నాన్న ఈ ఊరెందుకు వచ్చారో చెప్పాను. పిల్లలు తమ ఊళ్ల సంగతులు చెప్పారు. ఆ అమ్మాయి నాతో గట్టిగా వాదించింది. వాళ్ల అన్న కొలువు కోసం ఎదురుచూసిన ఏళ్లకు నా పాఠంలో చోటెక్కడుందని నిలదీసింది. గంట కొట్టినా ఎవరూ లేవలేదు. ఇదీ అసలు తత్వశాస్త్రం అన్నాను, సంతోషం పట్టలేక.

ఆమె ఆ మాట నమ్మింది. పరీక్షలో న్యాయం గురించి ప్రశ్న వస్తే పుస్తకంలోది వదిలేసి తన వాదన రాసింది. ఆ పేపరు దిద్దినవాళ్లెవరో నాకు తెలియదు. ఆమె పరీక్ష తప్పింది.

"మీరు చెప్పినట్టే రాసిన మేడం," అంది. నిష్ఠూరమేమీ లేదు ఆ గొంతులో.

పరీక్షకు ఏది పనికొస్తుందో తెలిసినదాన్ని, ఆ సంగతి ఒక్క మాట చెప్పలేదు. సప్లిమెంటరీకి నేనే కూర్చోబెట్టి పుస్తకంలోని జవాబు బట్టీ పట్టించాను. వాదించబోయిన ప్రతిసారీ, ఇప్పుడు కాదు, ముందు ఇది నేర్చుకో అన్నాను. కొన్నాళ్లకు వాదించడం మానేసింది.

ఫలితాలొచ్చిన రోజు ఫోన్ చేసి, పాసయిన మేడం అని చెప్పింది. అభినందించాను. ఆమె థాంక్స్ చెబుతుంటే, ఆ ఫోన్ ఎప్పుడు పెట్టేస్తుందా అని చూశాను.