పుట్టలో పోసిన ముర్రుపాలు

మా బావ యాదయ్యతో వాదించి గెలిచినవాడు రావిర్యాలలో లేడు. నోరు పెద్దదని కాదు, అసలు నోరే విప్పడు. మనం నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పిందంతా వింటాడు, తల ఊపుతాడు, చివరికి తను అనుకున్నదే చేస్తాడు. మా అక్క పోచమ్మ ఇన్నేళ్లుగా ఆయనతో ఎలా వేగుతోందో ఆ దేవుడికే తెలియాలి.

ఒకప్పుడు ఆయనకు గొర్ల మంద ఉండేది. మేపే బీళ్లు కొన్ని విమానాశ్రయం గోడ లోపలికి పోయాయి, కొన్ని ప్లాట్ల కింద పోయాయి. మంద కూడా పోయింది. మిగిలినవి ఒక బర్రె, మల్లిగాడనే కుక్క. పని లేక నా పంక్చర్ షాపు ముందు స్టూలేసుకుని, దిగే విమానాల కడుపులు చూస్తూ కూర్చునేవాడు. చూసీ చూసీ నాకు ఒళ్లు మండేది.

అలాంటి రోజుల్లో ప్రేమలత మేడం జీపు నా షాపు ముందు ఆగింది. ఆమెది కోస్తా వైపు, మాట మెత్తన. గుంటనక్కల మీద పరిశోధన చేస్తోంది. పంట పొలాల్లో ఊళలు వేసే పెద్ద నక్క కాదట, తోక చివర నల్లగా ఉండే సన్నపాటిదట. ఎలుకలూ పురుగులూ తిని బతుకుతుందట. గుట్ట మీద ఒక జంట బొరియ తవ్విందనీ, దూరం నుంచి కనిపెట్టుకుని ఉండే మనిషి కావాలనీ అడిగింది. నేను బావను చూపించాను.

"నక్క తోక తొక్కినవ్ పో బావా!" అని నవ్వాను. ఆయన తల ఊపాడు.

మేడం అన్నీ విడమరిచి చెప్పింది. "బొరియ దగ్గరికి ఎవ్వరూ వెళ్లకూడదు, యాదయ్య గారూ. కుక్కల్ని అసలు రానివ్వకూడదు. వాటి నుంచి నక్కలకు ఒక జబ్బు సోకుతుంది. పిల్లలకు సోకితే బతకవు. నేను తిరిగిన ఇంత మేరలో పిల్లలు పెట్టిన జంట ఇదొక్కటే. ఈ ఎండాకాలం దాటితే చాలు, ఇటువైపు నక్క జాతి నిలబడుతుంది."

ఆ మాట బావ గుండెలో నాటుకుపోయింది. ఇంటికెళ్లి మొదట చేసిన పని మల్లిగాణ్ణి గుంజకు కట్టేయడం. ఎప్పుడూ ఆయన కాళ్లకు అడ్డంపడి తిరిగే కుక్క, అరిచి అరిచి గొంతు పోగొట్టుకుంది. "జర ఇడువయ్యా, పాపం తగుల్తది" అని అక్క ఎంత మొత్తుకున్నా విప్పలేదు.

అప్పటి నుంచి మా మూగ బావకు మాటలొచ్చాయి! పొద్దుగూకేసరికి షాపుకొచ్చి, నట్లు విప్పే పానాలు పక్కకు నెట్టి మరీ చెప్పేవాడు. "ఇయాల చిన్నది తల్లి తోక కొరికింది బామ్మర్దీ! తల్లి ఒక్కటిచ్చింది సూడు, బోర్ల పడ్డది!" అంటూ ఆ పిల్ల పడినట్టే పడి చూపించేవాడు. నాలుగు పిల్లలు. నలుగురికీ పేర్లు పెట్టుకున్నాడు కానీ మాకు చెప్పలేదు, దిష్టి తగులుతుందని.

ఇంతలో బర్రె ఈనింది. మా వాళ్లలో ఒక పద్ధతి ఉంది. మొదట పిండిన ముర్రుపాలు పుట్టలో పోయందే ఇంట్లో జున్ను వండరు. బావ వాళ్ల పుట్ట గుట్ట మీదే ఉంది, వాళ్ల తాత నాటి నుంచీ అదే. నక్కలు బొరియ తవ్వింది ఆ పుట్ట మొదట్లోనే. మేడం వద్దన్నది నక్కల దగ్గరికి పోవడం. ఈయన పోయింది నాగమ్మ దగ్గరికి. ఆయన లెక్కలో రెండూ వేరు. చెంబుతో పోయి, పాలు పోసి, మొక్కి వచ్చాడు. ఎవరికీ చెప్పలేదు. దేవుడికి పాలు పోస్తే చెప్పేదేముంది?

ఆ తర్వాత కొన్నాళ్లకు చెప్పుల్లేకుండా షాపుకు ఉరికొచ్చాడు. "మేడంకు ఫోన్ గొట్టు బామ్మర్దీ! పిల్లల కండ్లల్ల పుసులు గారుతున్నయ్. ఉన్నకాడనే గుండ్రంగ తిరుగుతున్నయ్!"

మేడం వచ్చేసరికి రెండు చచ్చిపోయాయి. మిగతా రెండూ, వాటి వెనకే తల్లీ పోయాయి. మగది మళ్లీ కనబడలేదు. పరీక్ష చేయిస్తే కుక్కల జబ్బే అని తేలింది.

"నేను మల్లిగాన్ని కట్టేసిన గద బిడ్డా! ఏడికెల్లొచ్చింది మరి?" అని బావ అడిగిందే అడిగాడు.

బొరియకెదురుగా చెట్టుకు తను మొదట్లోనే కట్టి ఉంచిన కెమెరాను మేడం విప్పుకొచ్చి, నా షాపులోనే కూర్చుని బొమ్మలు చూసింది. బావ వెనక నిలబడి తొంగిచూశాడు. ఒక బొమ్మలో చెంబు కింద పెట్టి, చేతులు జోడించిన మనిషి కనిపించాడు.

"అరె, గిది నేనే గద!" అన్నాడు బావ, పిల్లలు పోయాక మొదటిసారి నవ్వుతూ.

మేడం గబుక్కున మూయబోయింది. "ఉండుండు బిడ్డా, సూడనీ" అన్నాడు. తర్వాతి బొమ్మలో అదే పుట్ట. గుట్ట వెనక ఉండే కూలీల గుడిసెల్లోని కుక్కలు పాలు నాకుతున్నాయి. ఒకటి పాలంటిన మూతిని బొరియలోకి దూర్చింది.

బావ చాలాసేపు చూశాడు. "నేను పోసింది పాలే గద బిడ్డా..." అన్నాడు.

"మీరు తెలిసి చేసింది కాదు, యాదయ్య గారూ" అంది మేడం, కళ్లు తుడుచుకుంటూ. ఎప్పుడూ ఆ మనిషిని తిట్టడమే తెలిసిన నేను స్టూలు లాగి ఆయన్ని కూర్చోబెట్టాను.

మరుసటి ఏడాది బర్రె మళ్లీ ఈనింది. ఈసారి పుట్టకు పోడేమో అనుకున్నాం. అక్క భయపడుతూనే చెంబు చేతికిచ్చింది. ఆయన తీసుకుని, ముందు ఇన్నాళ్లూ గుంజకే ఉన్న మల్లిగాణ్ణి విప్పాడు. నేను వెంట నడిచాను. బొరియ నోట్లో గడ్డి మొలిచింది, సాలీడు గూడు కట్టింది.

"ఇగ పొయ్యొచ్చు బామ్మర్దీ" అన్నాడు. "ఎన్ని కుక్కలొచ్చినా ఇగ ఏంగాదు."

పాలు పోశాడు. మల్లిగాడు తోకాడిస్తూ వచ్చి నాకడం మొదలుపెట్టాడు. బావ వాణ్ణి అదిలించలేదు. అక్కడే కూలబడి, తువ్వాల నోట్లో కుక్కుకుని ఏడ్చాడు. చెంబు నేనే ఇంటికి తెచ్చాను.