పెట్టెలు తెరిచిన రోజు

మేబెల్ థాక్రే మిల్‌గేట్ వీధుల్లోనే పుట్టింది. పద్నాలుగో ఏట అక్కడి లాండ్రీలో చేరి, దుప్పట్లు ఇస్త్రీ చేస్తూనే పెద్దదయింది. ఆమెకు ఊహ తెలిసేనాటికే మిల్‌గేట్ సీటు బ్రాండ్రెత్ వాళ్లది. తాత, తండ్రి, ఇప్పుడు కర్నల్ గారు. బీరు కార్ఖానా వాళ్లది, సగం ఇళ్లు వాళ్లవి, పార్లమెంటులో ఆ కుర్చీ కూడా వాళ్ల సొంత సామానే అన్నట్టుండేది జనం తీరు.

మేబెల్ తల్లి హన్నా మాత్రం అలా అనుకోలేదు. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు, ఆడవాళ్లకు ఓటే లేని రోజుల్లో, కర్నల్ తండ్రి పెట్టిన సభలో లేచి నిలబడి, "మాకు ఓటెప్పుడిస్తారయ్యా?" అని అడిగింది. ఇద్దరు మగాళ్లు ఆమెను ఈడ్చుకొచ్చి బయట పడేశారు. వీధిలో నిలబడి ఉన్న చిన్నారి మేబెల్ అదంతా చూసింది. హన్నా లేచి టోపీ సర్దుకుని, "పదవే, టీ వేళయింది" అంది. అంతే.

1945 జూలైలో ఎన్నికలొచ్చాయి. యూరప్‌లో యుద్ధం ముగిసినా మేబెల్ భర్త వాల్టర్ ఇంకా ఇటలీలోనే ఉన్నాడు. కర్నల్ మీద లేబర్ పార్టీ నిలబెట్టిన బడిపంతులు కోసం ఆమె గడప గడపా తిరిగింది. లాండ్రీలో పెత్తనం చేసే ఓట్స్ అనే ఆవిడ ఎకసెక్కాలాడింది.

"ఏమే, కాళ్లరిగేలా తిరుగుతున్నావట? కర్నల్ గారు కాలు మీద కాలేసుక్కూర్చున్నా గెలుస్తారు."

"కూర్చోనివ్వక్కా. నడిచే పని నేను చూసుకుంటా."

పోలింగ్ అయిపోయింది, లెక్కింపు మాత్రం మొదలవలేదు. దూరదేశాల్లోని సైనికుల ఓట్లు రావాలి కాబట్టి, ఓట్ల పెట్టెలకు లక్క ముద్రలు వేసి మూడు వారాలు టౌన్‌హాల్లో దాచారు. పనికి వెళ్తూ ఆ గోడ పక్కకు రాగానే మేబెల్ అడుగు నెమ్మదించేది. జనం చెప్పాల్సింది చెప్పేశారు. ఆ మాట లోపలుంది. అదేమిటో కర్నల్‌కు తెలియదు, లండన్లో మంత్రులకు తెలియదు, రాజుగారికీ తెలియదు.

"అమ్మా, అయిపోయిందే," అంది భోజనాల దగ్గర. "ఏదో ఒకటి తేలిపోయింది. ఎవరికీ తెలీదంతే!"

"ముందు ఆ బంగాళాదుంపలు తిను," అని కసిరింది హన్నా. మర్నాడు మాత్రం చేతికర్ర పట్టుకుని తనూ వెళ్లి, ఆ గోడకేసి చాలాసేపు చూసి వచ్చింది.

లెక్కింపు చూడ్డానికి పార్టీ మేబెల్‌ను పంపింది. ముద్రలు పగలగొట్టారు. సైనికుల కవర్లు విప్పారు. నలిగిన కాగితాలు, ఒకదాని మీద కొవ్వొత్తి మైనం మరక. అన్నిటినీ ఊళ్లో ఓట్లతో కలిపేశారు. వాల్టర్‌ది వీటిలో ఏదో ఒకటి. ఏదో తనకు తెలియదు, ఎవరికీ తెలియకూడదు. మేబెల్ కుర్చీ ముందుకు జరుపుకుంది. ఎదురుగా కూర్చున్న కర్నల్ మనిషి కూడా ముందుకు వంగి చూశాడు. లేబర్ ఓట్ల కట్టలకు బల్ల చాలక, ఇంకో బల్ల తెచ్చి కలిపారు.

మధ్యాహ్నం మేయరు బయటికొచ్చి ఫలితం చదివాడు. కర్నల్ ఓడిపోయాడు. ఆ తర్వాత లేచిన కేకకు పావురాలు చెల్లాచెదురయ్యాయి. కర్నల్ టోపీ తీసి, గెలిచిన బడిపంతులుకు చెయ్యిచ్చి, జనంలోంచే నడిచి వెళ్లాడు. అందరూ పక్కకు జరిగి దారిచ్చారు. ఒక్కరూ తోయలేదు. ఇంత పెద్ద పని ఇంత నెమ్మదిగా జరిగిపోయిందా అనుకుంది మేబెల్.

ఓట్స్ వచ్చి చెవిలో గొణిగింది: "ఎవరితోనూ అనకు. నేనూ మీవాడికే వేశా."

హన్నా గుంపు చివర కర్ర మీద ఆనుకుని నిలబడి ఉంది. "వీళ్లంతా మన వీధుల వాళ్లేనటే?"

"మనవాళ్లేనమ్మా."

"ఇన్నాళ్లూ నోరు మెదపకుండా ఎలా ఉన్నారే వీళ్లు!" అంది హన్నా.

అయిదేళ్లకు హద్దులు మార్చి, మిల్‌గేట్‌ను పక్క నియోజకవర్గంలో కలిపేశారు. మేబెల్ మోకాళ్లు సహకరించినంత కాలం, కొత్త నియోజకవర్గం పేరు చెప్పుకుంటూ ఓట్ల కోసం ఆ పాత తలుపులే తట్టింది.