బీరులో మా నాయన బెల్లం

ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు కోపం రాని పూట ఉండేది కాదు. అంత ఓపిక ఎక్కడి నుంచి తెచ్చుకునేదాన్నో ఇప్పుడు తలచుకుంటే ఆశ్చర్యమే (కోప్పడేదానికి కూడా ఓపిక కావాల, నమ్మండి). తిరుపతిలో మైక్రోబయాలజీ చదివి, క్లాసులో రెండోదాన్నిగా పాసైనాను (మొదట వచ్చినామె మీద కూడా కోపమే). తీరా చూస్తే ఉద్యోగం మా జిల్లా కొసన, తమిళనాడు హద్దుకు దగ్గరుండే ఒక బీరు ఫ్యాక్టరీలో వచ్చింది. ల్యాబులో ట్రైనీని. పూతలపట్టు పక్కన మా ఊర్లో ఆ మాట చెప్పుకోలేక మా అమ్మ 'పాప బార్లీ ఫ్యాక్టరీలో చేరింది' అని చెప్పేసింది. మా ఊరోళ్ళకు బార్లీ అంటే ఒంట్లో వేడి చేసినప్పుడు తాగే గంజి. దాంతో నేను ఊరికి పోయినప్పుడల్లా ఎవరో ఒక పెద్దామె నా చెయ్యి పట్టుకొని 'ఒంటికి పోతే మంటగా ఉండాది, రెండు పొట్లాలు పంపియ్యి పాపా' అనేది. అబద్ధం అమ్మది. అంగట్లో బార్లీ పొట్లాలు కొని పంపే ఖర్మ నాది. మా నాయన కూడా పాపం ఆ బార్లీనే నమ్మినాడు.

ఫ్యాక్టరీలో మా పెద్ద సారును అందరూ 'నురగ సార్' అనేవాళ్ళు. గ్లాసులో బీరు పోస్తే ఆయన మొదట నురగను చూస్తాడు, తర్వాతే మనిషిని చూస్తాడు. చేరిన నాలుగో రోజు ఆయన వెనకాల పోతావుంటే పెద్ద ఉడకబెట్టే తొట్టి కాడ ఇద్దరు మనుషులు తెల్లటి బస్తాలు కోసి లోపల కుమ్మరిస్తా కనబడినారు. వంగి చూస్తే చక్కెర! కాఫీలో వేసుకునే చక్కెరే. మొలకెత్తించిన బార్లీ, హాప్స్ అనే చేదు పువ్వు, ఈస్ట్, నీళ్ళు, ఇంతే బీరంటే అని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని నేను. 'చక్కెరా, సార్?' అన్నాను, ఎవరో దొంగను పట్టుకున్నట్టు. ఆయన నిదానంగా చెప్పినాడు: 'బార్లీ ఒక్కటే వేస్తే బీరు బరువుగా ఉంటుందమ్మా. చక్కెర వేస్తే ఈస్ట్ దాన్ని పూర్తిగా తినేసి మత్తుగా, గ్యాసుగా మార్చేస్తుంది. బీరు పల్చన పడుతుంది. తీపి మాత్రం రాదు, మిగిలితే గదా వచ్చేదానికి!' నేను ఈ మాటల్లో సగమే విన్నాను. మిగతా సగం కోపానికి పోయింది.

ఎందుకంటే మా నాయన బెల్లం వండే మనిషి. సామాన్యమైన బెల్లం కాదు. చుట్టుపక్కల గానుగల కాడ రంగు తెల్లగా రావాలని పాకంలో తెల్లమందు కలుపుతారు. మా నాయన ఆ మందును గడప తొక్కనిచ్చేవాడు కాదు. బెండ చెట్టు కాడలు దంచి, ఆ రసంతో పాకంలో మడ్డి తీసేవాడు, అంతే. అందుకని ఆయన బెల్లం ముదురు రంగుగా ఉండేది. చిత్తూరు మండీలో దాన్ని చూసి మూతి విరిచేవాళ్ళు, ఇంటికి పోయేటప్పుడు వాళ్ళ పిల్లలకు మాత్రం అందులోనే ఒక ముద్ద అడిగి తీసుకుపోయేవాళ్ళు. ఇట్లాంటి బెల్లం మా జిల్లాలోనే ఉండగా, ఎక్కడి నుంచో వచ్చిన చక్కెరను కుమ్మరిస్తారా? నేను వారం రోజులు నురగ సార్ వెంటబడినాను. భోజనాల కాడ, మెట్ల మీద, ఒకసారి ఆయన చేతులు కడుక్కుంటా ఉంటే కూడా. 'సరే తల్లీ, చిన్న తొట్టిలో ఒకసారి చేసి చూపించు. అదే బార్లీ, అదే ఈస్ట్, చక్కెర బదులు నీ బెల్లం' అని ఒప్పుకున్నాడు (ఒప్పుకున్నాడా, తప్పించుకున్నాడా అన్నది నాకిప్పటికీ అనుమానమే).

ఊరికి పోయి 'ఫ్యాక్టరీలో పరీక్షకు బెల్లం కావాల నాయనా' అన్నాను. ఆయన మొహం చూడాల్సింది. ఉన్న ముద్దల్ని ఒక్కొక్కటే చేత్తో తట్టి, వాసన చూసి, పది ముద్దలు ఏరి, కొత్త గోనెసంచిలో పెట్టి, మూతి తానే కుట్టినాడు. 'బార్లీలో కలిపేదానికా? మంచిదే, రోగులకు బలం' అన్నాడు. నేను తల ఊపినాను. ఆ సంచి నా కాళ్ళ కాడ పెట్టుకొని బస్సెక్కినాను. దారిలో బస్సును ఆపి ఇద్దరు కానిస్టేబుళ్ళు ఎక్కినారు. సారా కాసేవాళ్ళు నల్లబెల్లం తరలిస్తా ఉండారని ఆ రోజుల్లో తనిఖీలు జోరుగా ఉండేవి. పెద్ద మీసాల కానిస్టేబుల్ నా సంచిని లాఠీతో పొడిచి, కుట్టు ఊడదీసి, లోపలికి చూసి నా వైపు తిరిగినాడు.

'ఏమ్మా, ఇది సారాకేనా?'

నాకు ఒళ్ళు మండిపోయింది. ఒక చదువుకున్న పిల్లను, ల్యాబులో పనిచేసేదాన్ని, సారా కాసేదనుకుంటారా! అభిమానంతో లేచి నిలబడి, బస్సంతా వినబడేటట్టు అరిచినాను: 'సారాకు కాదు సార్, బీరుకు!'

వెనక సీట్లో ఎవరో 'అబ్బో, గొప్పింటి పిల్లప్పా' అన్నారు. ఇంక నవ్వులే నవ్వులు. మీసాలాయన నవ్వలేదు. నన్నూ సంచినీ కిందికి దించినాడు. గుర్తింపు కార్డు చూపిస్తే 'ఫ్యాక్టరీ లారీలో పోవాల్సింది పల్లెవెలుగులో ఎందుకు పోతాంది?' అన్నాడు. న్యాయమైన ప్రశ్నే, అదే నాకు ఇంకా కోపం తెప్పించింది. నురగ సారుకు ఫోను చేస్తే ఆయన కాగితం పంపిస్తానన్నాడు. ఈలోపల మీసాలాయన, బెల్లం ఎవరిదో తేల్చుకోవాల గదా, మా నాయన నంబరు అడిగి, ఫోనును స్పీకరులో పెట్టినాడు.

'పెద్దాయనా, మీ కూతురు బెల్లంతో దొరికింది. అది నీ బెల్లమేనా?'

'నాదే సామీ. చుక్క మందు కలపలేదు. యాడైనా పరీక్ష చేయించుకోండి.'

'మందు సంగతి కాదు. బీరు ఫ్యాక్టరీకంట గదా?'

'బార్లీ ఫ్యాక్టరీ' అన్నాడు నాయన మెల్లగా. కానిస్టేబుల్ నా కార్డు మీదున్నది పొల్లుపోకుండా చదివి వినిపించినాడు. ఫోను కట్టయిపోయింది. అరగంటకు కాగితం వచ్చింది, నన్ను వదిలేసినారు. బెల్లం ఇచ్చేటప్పుడు మీసాలాయన ఒక చిన్న ముక్క విరిచి నోట్లో వేసుకొని 'బాగుండాదమ్మా' అన్నాడు. ఆ మాటకు సంతోషించాలో, ఏడవాలో తెలియని స్థితి నాది.

మూడు వారాలు మా నాయన నాతో మాట్లాడలేదు. అమ్మ ఫోనులో గుసగుసగా 'అన్నం తింటాడు, గానుగ కాడికి పోతాడు, నోరు మాత్రం తెరవడు. వచ్చి నిన్ను ఇంటికి పిలుచుకొచ్చేస్తాడేమో పాపా' అనేది. నేను రాత్రీ పగలూ ఆ చిన్న తొట్టి చుట్టూ తిరిగినాను. ఉద్యోగం పోతే పోనీ, కనీసం బెల్లం గెలవాల. రుచి చూసే రోజు వచ్చింది. ఆరుమంది సార్లు వరసగా కూర్చొని, పేర్లు లేని గ్లాసులు ఎత్తి చప్పరించినారు. బెల్లం బీరుకూ, చక్కెర బీరుకూ నలుగురు తేడా కనిపెట్టలేకపోయినారు. ఐదో ఆయన 'రంగు కాస్త ముదురు' అన్నాడు. ఆరో ఆయన 'కొంచెం మాడిన వాసన' అన్నాడు. మాడిన వాసనా! మా నాయన పాకం కాచే పెనం ముప్పై ఏండ్లలో ఒక్కసారీ మాడలేదు! నేను బల్ల మీద చెయ్యి వేసి ఏదో అనబోయేంతలో వాచ్‌మన్ వచ్చి, గేటు కాడ తెల్ల పంచె కట్టుకున్న పెద్దమనిషి ఒకాయన 'నా బెల్లం ఏం చేసినారో చూసి పోతా' అని నిలబడుండాడని చెప్పినాడు.

నేను బల్ల మీది చెయ్యి తీసేసినాను. నురగ సార్ మాత్రం లేచి తానే ఎదురుపోయి, మా నాయనను లోపలికి పిలుచుకొచ్చి కుర్చీ వేయించినాడు. నాయన నా వైపు చూడలేదు. గ్లాసు వైపే చూసినాడు.

'నేను తాగేవాణ్ణి కాదు సారూ. కానీ పాకం సంగతి నాకు నాలిక మీదనే తెలుస్తాది' అని వేలు ముంచి ఒక్క చుక్క నాలిక మీద వేసుకున్నాడు. కండ్లు మూసుకున్నాడు. లేచి బేసిను కాడికి పోయి ఉమ్మేసి వచ్చి కూర్చున్నాడు.

'తీపి యాడ?'

'ఈస్ట్ తినేసిందయ్యా' అన్నాడు సార్.

'అంతానా?'

'రవ్వ మిగల్చకుండా.'

'సక్కెర ఏసినా తినేస్తాదా?'

'అదీ అంతే.'

అప్పుడు చూడాల మా నాయన కోపం. నా కోపాలన్నీ ఎక్కడి నుంచి వచ్చినాయో ఆ రోజు తెలిసింది. 'ఏది పెట్టినా మింగేసే దానికి నా బెల్లం ఎందుకు పెట్టినారు సారూ? బర్రెకు పాయసం పోస్తారా ఎవరన్నా? దాని కడుపు నిండేదానికి సక్కెర సాలదా?' అని, చివరికి నా వైపు తిరిగి, 'నీకన్నా తెలీకపాయనా పాపా? చదివితివే!' అన్నాడు. నురగ సార్ ముసిముసిగా నవ్వి, 'ఇదే మాట నేను చెప్తే మీ అమ్మాయి వారం రోజులు పోట్లాడింది. మీరు ఒక్క చుక్కతో తేల్చినారు' అని మా నాయనకు దండం పెట్టినాడు. ఆరుమంది సార్లలో ఒక్కరు కూడా నా వైపు చూడలేదు, అది వాళ్ళ మంచితనం.

బస్టాపు దాకా ఇద్దరమూ నడుచుకుంటా వచ్చినాము. 'బీరని చెప్తే ఏమన్నా అంటాననుకొంటివా?' అన్నాడు. 'అంటావనే అనుకొన్నా' అన్నాను. 'అనుంటాను' అని ఒప్పుకున్నాడు. బస్సెక్కుతా, 'ఆ సారు మంచోడు. ఈడనే ఉండు' అన్నాడు.

ఆ సార్ రిటైరైపోయి చాలా కాలమైంది. ఆయన కుర్చీలో ఇప్పుడు నేనుండాను. పొద్దున్నే పోయి చక్కెర బస్తాల కాగితం మీద సంతకం పెట్టేది నేనే. ఎందుకు చక్కెర అని ఎవరన్నా అడిగితే గొంతు పెంచకుండా, చెయ్యి ఊపకుండా, ఆయన మాదిరే నిదానంగా చెప్తాను. అట్లా చెప్పేటప్పుడు నా నిదానం మీద నాకే ఒళ్ళు మండుతుంది. ఒక్కోసారి అప్పటి నేను, ఆ కోపిష్టి పిల్ల, తలుపు తోసుకొని లోపలికి వచ్చి నా బల్ల గుద్దితే బాగుండు అనిపిస్తుంది. వస్తే కూర్చోబెట్టి కాఫీ తెప్పిస్తాను. జవాబు నాకు తెలుసు, కానీ వెంటనే చెప్పను. ఇంకొంచెం సేపు కోప్పడనిస్తాను.